తుఫానుకు సగం చీలిన పెద్ద వేప చెట్టు: నిలుస్తుందా? నిలిచినా నమ్మవచ్చా?

కాలవగట్టు | 2025 నవంబర్ 2, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో అంతర్వేదికి దగ్గరి పల్లె. అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటినప్పుడు మా పెరట్లోని వేప చెట్టు చీలిపోయింది. తాతగారు నాటిన చెట్టు, అరవై ఏళ్ళు దాటి ఉంటుంది. ఛాతీ ఎత్తులో చుట్టుకొలత తొమ్మిది అడుగులు. ఏడడుగుల ఎత్తున పంగ, అక్కడి నుంచి రెండు మానులుగా పెరిగింది. తూర్పు మాను ఆ పంగలోనే విరిగి, కింద మూడడుగుల మేర బెరడునూ చెక్కనూ ఒలుచుకుంటూ కూలింది. అటువైపు ఉండే పశువుల పాకను రెండేళ్ళ క్రితమే తీసేశాం, బతికిపోయాం.

పడమటి మాను నిలిచే ఉంది. అయితే అది పెంకుటింటి మీదికి వాలి ఉంటుంది. దాని కిందే అమ్మ పడుకునే గది. అమ్మ కొట్టనివ్వదు. హైదరాబాదులో ఉన్న అన్నయ్య రోజుకు రెండుసార్లు ఫోను చేసి "కొట్టించావా" అంటాడు. సామిల్లు వాళ్ళు అప్పుడే వచ్చి బేరమాడి వెళ్ళారు.

మిగిలిన సగం బతుకుతుందా? మళ్ళీ మునుపటిలా గుండ్రంగా కమ్ముకుంటుందా? దాని కింద మనిషి నిద్రపోవచ్చా?

వేపపుల్ల | నవంబర్ 2, ఉదయం 8:15

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మీ పెరటి చెట్టుకే వైద్యం కావలసి వచ్చింది!

దిగులుపడకండి, వేపకు చావు లేదు. 2021 చివర్లో మన రెండు రాష్ట్రాల్లో వేప చెట్లు కొసల నుంచి ఎర్రగా మాడిపోతే, ఇక వేప జాతే అంతరించిందని జనం ఎంత కంగారుపడ్డారో గుర్తుందా? తేనీటి దోమ అనే రసం పీల్చే పురుగు కుట్టిన చోట శిలీంధ్రం చేరి కొమ్మలు ఎండాయని శాస్త్రవేత్తలు తేల్చారు. తొందరపడి కొట్టేసినవాళ్ళు కొట్టేశారు. ఆగినవాళ్ళ చెట్లు చాలావరకు తర్వాత చిగురించాయి. మా ఇంటి ముందుదీ అంతే. సగం మాను, సగం ఆకు ఉన్నాయి కదా, వచ్చే వేసవికి చూడండి. సామిల్లు వాళ్ళను మాత్రం గుమ్మం ఎక్కనివ్వకండి.

ఎంవీపీ_మామిడి | నవంబర్ 2, ఉదయం 9:02

బతుకుతుందనడంలో నాకూ సందేహం లేదు. నా సందేహం మీ మూడో ప్రశ్న మీద.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో మా మామిడి చెట్టుకు నాలుగు పెద్ద కొమ్మలు పోయాయి. ఉప్పుగాలికి మిగిలిన ఆకంతా నిప్పు పెట్టినట్టు మాడింది. ఊరంతా మోడులే. కొట్టేయమన్నారు, నేను వినలేదు. రెండు నెలలకే విరిగిన చోటల్లా గుత్తులు గుత్తులుగా పిలకలు. మూడేళ్ళకు చెట్టు మునుపటికన్నా గుబురుగా తయారైంది. కాయలు కూడా కాసింది. వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చూపించేవాణ్ణి.

అయిదో ఏడు వేసవిలో, తుఫాను కాదు, మామూలు సాయంత్రపు గాలివానకు, అలా కొత్తగా వచ్చిన కొమ్మ ఒకటి ఊడిపడింది. విరగలేదు, ఊడింది. నా తొడంత లావు కొమ్మ, కింద స్కూటరు నుజ్జయింది. ఊడిన చోట చూస్తే గోడకు అతికించిన పిడక ఊడినట్టు నున్నగా ఉంది. స్కూటరు మీద అప్పుడు ఎవరూ లేరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాజీ_రేంజరు | నవంబర్ 2, మధ్యాహ్నం 1:30

పై పోస్టు మళ్ళీ ఒకసారి చదవండి. చెట్టుకు ప్రాణం ఉందా అన్నది ఒక ప్రశ్న, కింద మనిషి ఉండవచ్చా అన్నది వేరే ప్రశ్న. ఆకు చూసి రెండోదానికి జవాబు చెప్పలేం. నేల మీద పడి ఉన్న చెట్టు కూడా రెండు వేర్లు మట్టిలో ఉంటే చాలు, చిగురిస్తుంది.

పిడక పోలిక సరిగ్గా ఉంది. మామూలు కొమ్మ మాను నడిబొడ్డు నుంచి పుడుతుంది. ఏటేటా మానూ కొమ్మా ఒకదాని మీదుగా ఒకటి పొరలు పోసుకుంటూ అల్లుకుంటాయి. విరిగిన చోట వచ్చే పిలక నిద్రపోతున్న మొగ్గ నుంచి బెరడు కిందనే లేస్తుంది. దాని పట్టు పైపైనే. పైగా ఆకు లేని చెట్టు ఆకలితో ఉంటుంది కాబట్టి ఆ పిలకలను జోరుగా పెంచుతుంది. బరువు పెరిగినంత వేగంగా పట్టు పెరగదు, కిందేమో పాత గాయం కుళ్ళుతూ ఉంటుంది.

ఇంకో సంగతి. మన గాయం మానినట్టు చెట్టు గాయం మానదు. పాడైన చెక్క మళ్ళీ మంచి చెక్క కాదు. అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లను కోసి చూసి చెప్పింది ఇదే: చెట్టు దెబ్బతిన్న భాగం చుట్టూ లోపల గోడ కట్టి దాన్ని వేరు చేస్తుంది, ఆ గోడ బయట కొత్త చెక్క పోసుకుంటుంది. బయట బెరడు మూసుకుపోయి అందంగా కనిపిస్తుంది, లోపల దెబ్బ అలాగే ఉంటుంది.

కాలవగట్టు గారూ, మూడు విషయాలు చూసి చెప్పండి. ఒకటి, మాను మొదట చుట్టూ నేల పగిలిందా, ముఖ్యంగా వాలుకు ఎదురువైపున, అంటే తూర్పున. రెండు, ఈ పది పదిహేనేళ్ళలో చెట్టుకు దగ్గరలో ఏమైనా తవ్వారా. మూడు, చీలిన చోట చెక్క తెల్లగా తాజాగా ఉందా, నల్లబడి మెత్తగా ఉందా. పగులు కనిపిస్తే దానికి అటూ ఇటూ రెండు మేకులు దిగ్గొట్టి మధ్య దూరం రాసిపెట్టుకోండి. ఈలోగా అమ్మగారి మంచం ఆ గదిలోంచి తీయించండి. ఇది సలహా కాదు, చేయవలసిన పని.

పసుపుకొమ్ము | నవంబర్ 2, సాయంత్రం 4:10

ఇంత చర్చ ఎందుకండీ? చీలిన చోట ఆవుపేడ, పసుపు కలిపి మెత్తి, పైన తారు పూయండి. మా తాతల నాటి వైద్యం. నీళ్ళు దిగవు, చెదలు పట్టవు.

మాజీ_రేంజరు | నవంబర్ 2, సాయంత్రం 5:25

మా అటవీ శాఖలోనూ ఒకప్పుడు తారు పూసేవాళ్ళం, నేనే దగ్గరుండి పూయించాను. తారు కింద తేమ నిలిచి శిలీంధ్రానికి పందిరి వేసినట్టవుతుంది. గాయాన్ని గాలికి వదిలేయడమే మేలు. వేలాడే బెరడు పీచులను పదునైన కత్తితో నున్నగా కోసేస్తే చాలు.

ఎంవీపీ_మామిడి | నవంబర్ 2, సాయంత్రం 6:00

మామిడికి బోర్డో పేస్టు పూయమని ఉద్యాన శాఖ వాళ్ళే చెప్పారు కదండీ. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు.

మాజీ_రేంజరు | నవంబర్ 2, సాయంత్రం 6:20

పండ్ల చెట్ల కోతల మీద కొమ్మ ఎండు తెగులు రాకుండా అది పనికొస్తుంది, కాదనను. జానెడు కోతకు సరే. మూడడుగుల మేర చీలిన మానుకు పూసి "ఇక భయం లేదు" అనుకోవడమే ప్రమాదం.

కాలవగట్టు | నవంబర్ 3, ఉదయం 6:50

తెల్లవారగానే చూశాను. తూర్పున మానుకు నాలుగడుగుల దూరంలో నేల పగులు ఉంది, విల్లులా వంగి. ఎండుటాకులు ఊడ్చేదాకా కనబడలేదు. వెడల్పు రెండు వేళ్ళు పడుతుంది. మేకులు కొట్టాను, మధ్య దూరం ఇరవై సెంటీమీటర్లు.

తవ్వడం గురించి అడిగారు. నాలుగేళ్ళ క్రితం మరుగుదొడ్డి గుంట తవ్వించాం. అదీ తూర్పువైపే, చెట్టుకు ఆరడుగుల్లో. అప్పుడు చేతి మందం వేర్లు రెండు మూడు నరికించిన మాట నిజం. చెట్టుకు ఏమీ కాలేదు కదా అని మరిచిపోయాం.

చీలిన చోట బయటి చెక్క తెల్లగా ఉంది. పంగ నడుమ మాత్రం బెరడు లోపలికి మడతపడి, ఆ మడతలో నల్లటి మట్టి లాంటిది. చెయ్యి పెడితే పొడిగా రాలింది.

అమ్మ మంచం వసారాలోకి మార్చాం. "చెట్టు ఇంటి మీదికి రాలేదురా, మీ నాన్న గది కట్టి ఇంటినే దాని కిందికి తోశాడు" అంటోంది. అదీ నిజమే. ఆ గది 1998లో కట్టింది.

టంపా_తెలుగు | నవంబర్ 3, ఉదయం 9:30

ఫ్లోరిడా నుంచి. ఇక్కడ మాకిది ఏటా ఉండే తంతు. నిరుడు హెలీన్ తుఫాను వెళ్ళిన రెండు వారాలకే మిల్టన్ తుఫాను వచ్చింది. మా ఇంటి వెనుక ఓక్ చెట్టు కూడా ఇలాగే పంగలో చీలింది. ఇక్కడ చెట్ల పరీక్షకు శిక్షణ పొంది ధ్రువపత్రం ఉన్నవాళ్ళు ఉంటారు. ఆయన వచ్చి కొయ్య సుత్తితో మాను చుట్టూ తట్టి విన్నాడు, సన్నని బరమా దింపి లోపల గట్టి చెక్క ఎంత మందం ఉందో చూశాడు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "ఇది పడితే ఎక్కడ పడుతుంది?" ఖాళీ గడ్డి మీద అని చెప్పాను. "అయితే ఉంచుదాం" అని పైన ఉక్కుతాడు కట్టించాడు, ఏడాదికోసారి చూపించుకోమన్నాడు. అదే చెట్టు పడకగది పక్కన ఉంటే ఉంచనిచ్చేవాణ్ణి కానని చెప్పి మరీ వెళ్ళాడు.

మీ పంగలో బెరడు మడత ఉందన్నారే, మా చెట్టుదీ అదే జబ్బు. రెండు మానులు ఇరుకుగా పక్కపక్కన లావెక్కితే మధ్యలో బెరడు చిక్కుకుంటుంది. చెక్కా చెక్కా కలవదు. అతుకు లేని అతుకు.

పాలమూరు_నీడ | నవంబర్ 3, ఉదయం 11:15

మా పాలమూరు మర్రిచెట్టు పిల్లలమర్రిని మరిచిపోతున్నారు. ఏడు వందల ఏళ్ళ చెట్టు అంటారు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ ఒరిగిపోయింది, చెదలు లోపల తినేశాయి. 2018లో చెట్టుకు సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా చెద మందు ఎక్కించారు, కొమ్మల కింద దిమ్మెలు కట్టించారు. చెట్టు నిలిచింది. మనసు ఉండాలి గానీ మార్గం లేకపోలేదు.

గట్టు_కొవ్వూరు | నవంబర్ 3, మధ్యాహ్నం 12:05

ఎన్నో సినిమాల్లో కనిపించిన మా కుమారదేవం సినిమా చెట్టు కూడా అంతే. గోదావరి గట్టున నూట యాభై ఏళ్ళ నిద్రగన్నేరు, 2024 ఆగస్టులో నిలువునా కూలింది. ఏడ్చినవాళ్ళున్నారు. మిగిలిన మొదలుకు మందులు వేసి చూసుకుంటే కొన్ని వారాల్లోనే చిగురు వేసింది.

మాజీ_రేంజరు | నవంబర్ 3, మధ్యాహ్నం 2:40

రెండూ మంచి ఉదాహరణలే, కానీ మర్రి వేరు, వేప వేరు. మర్రికి ఊడలున్నాయి. ఊడ నేల తాకితే అది ఇంకో మాను. కలకత్తా బొటానికల్ గార్డెన్‌లోని మహావటవృక్షం 1864, 1867 తుఫానుల్లో దెబ్బతిని, తల్లిమాను కుళ్ళిపోతే 1925లో దాన్ని కోసి తీసేశారు. నడుమ తల్లి లేకుండానే ఊడల మీద వంద ఏళ్ళుగా నిలబడి ఉంది. వేపకు ఒకటే కాలు. ఇక సినిమా చెట్టు చిగుళ్ళ కింద ఎవరి మంచమూ లేదు. పిల్లలమర్రి కింద కూడా ఎవరూ కాపురం ఉండరు, కొమ్మ ఒరిగాక సందర్శకులను ఆపేశారు కూడా.

ఇప్పుడు కాలవగట్టు గారికి. మీరు రాసిన మూడూ కలిపి చదివితే నాకు నచ్చడం లేదు. తూర్పు మాను ఇన్నాళ్ళూ తక్కెడలో రెండో పళ్ళెం. అది పోయింది. పడమటికి వాలిన మానును వెనక్కి లాగి పట్టుకోవలసినవి తూర్పు వేర్లు, వాటినే గుంట కోసం నరికారు. తుఫాను తీరం దాటేటప్పుడు గాలి దిశ మారుతుంది కదా, ఒకవైపు ఊగిన చెట్టు రెండోవైపు ఊగుతుంది. ఆ ఊపులో తూర్పు వేర్ల గడ్డ లేచింది, పగులు దాని గుర్తు. మీ నేలలో నీరు పైనే ఉంటుంది, వేర్లు లోతుకు పోవు. పెద్ద చెట్ల వేర్లు ఎక్కడైనా చాలావరకు పై రెండు మూడడుగుల మట్టిలోనే ఉంటాయి, మీ దగ్గర ఇంకా పైనే.

పుట్టుకతో వాలిన చెట్టుకు నేను భయపడను. దానికి తగ్గట్టు అది వేరు కట్టుకొని ఉంటుంది. నేల పగిలి కొత్తగా వాలుతున్న చెట్టుకు భయపడతాను.

వేపపుల్ల | నవంబర్ 3, సాయంత్రం 3:30

రేంజరు గారూ, మధ్యేమార్గం లేదా? పైన మూడో వంతు తగ్గించి, పడమట ఇనుప దూలం ఆసరా పెడితే? లేదా గొలుసుతో లాగి నిలబెట్టి మట్టి దట్టిస్తే?

మాజీ_రేంజరు | నవంబర్ 3, సాయంత్రం 4:15

మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. చెట్టు లేపడంలోనూ అంతే. మణికట్టు లావు మొక్కను రెండు మూడు రోజుల్లో లేపి, వేర్లకు మట్టి కప్పి, కర్రలు కడితే నిలుస్తుంది. తొమ్మిదడుగుల మానును క్రేనుతో లాగితే మిగిలిన వేర్లు కూడా తెగుతాయి.

బరువు తగ్గించడం మంచి ఆలోచనే, సరిగ్గా చేస్తే. కొమ్మను దాని పక్క కొమ్మ దాకా కోయాలి, ఆ పక్క కొమ్మ కనీసం మూడో వంతు లావు ఉండాలి. మన దగ్గర జరిగేది అది కాదు, తల నరికి మొండెం నిలబెడతారు. ఆ మొండెం మీద వచ్చేవే విశాఖ వారి పిడకలు. అయినా ఇక్కడ గొడవ కొమ్మల్లో లేదు, కాళ్ళలో ఉంది.

ఉద్దానం_నుంచి | నవంబర్ 3, సాయంత్రం 5:00

మీది వేప కాబట్టి ఇంత చర్చించే అవకాశమైనా ఉంది. 2018లో తిత్లీ తుఫానుకు మా కొబ్బరి తోటలు పోయినప్పుడు చర్చే లేదు. కొబ్బరికి మొవ్వు ఒక్కటే, అది విరిగితే చెట్టు పోయినట్టే. పిలక రాదు, కొమ్మ రాదు. నిలబడి ఉన్నా స్తంభమే. ముప్ఫై ఏళ్ళ చెట్లు అలా వరసగా నిలబడి ఉంటే పొద్దున్నే తోటకు వెళ్ళబుద్ధయ్యేది కాదు.

రంపంపొట్టు | నవంబర్ 3, రాత్రి 8:45

సామిల్లు వాళ్ళను గుమ్మం ఎక్కనివ్వవద్దన్నారు ఎవరో. మాది మూడు తరాలుగా అదే పని, అయినా ఎక్కి రెండు మాటలు చెబుతాను.

చీలిన చెట్టును కోయడం నిలువు చెట్టును కోసినట్టు కాదు. చీలిన మానులో చెక్క విల్లు ఎక్కుపెట్టినట్టు బిగిసి ఉంటుంది. రంపం సగం దిగగానే నిలువునా పగిలి వెనక్కి తంతుంది. మా చిన్నాన్న దవడ అలాగే పోయింది. వాలిన మానును కింద ఒక్క కోతతో పడేస్తామన్నవాళ్ళకు ఇవ్వకండి. పై నుంచి ముక్కలుగా కోసి తాళ్ళతో దించాలి. ప్రతి కొమ్మకూ ముందు అడుగున చిన్న గాటు పెట్టి, తర్వాత పైన కోస్తే బెరడు ఒలుచుకుపోదు. కరెంటు తీగలు దగ్గరగా ఉంటే ముందు సరఫరా ఆపించండి, తడి కొమ్మ తీగకు తగిలితే చాలు.

ఇంకొకటి. మీ పెరట్లోదే అయినా వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, 2002 నుంచి. అనుమతి అడగకుండా కొట్టి తర్వాత బాధపడకండి. ఫొటోలు తీసి పెట్టుకోండి, ప్రమాదకరంగా ఉందని కాగితం మీద రాయండి. చెక్క ధర "తొర్ర చెట్టు" అని తగ్గిస్తారు. కోశాక మొద్దులను కొలిచి అమ్మండి, నిలువు చెట్టును గుత్తగా అమ్మకండి.

కాలవగట్టు | నవంబర్ 9, ఉదయం 7:15

మొన్న రాత్రి వాన పడింది, గాలి పెద్దగా లేదు. ఈ ఉదయం కొలిస్తే మేకుల మధ్య ఇరవై మూడున్నర. మూడుసార్లు కొలిచాను. అమ్మను తీసుకెళ్ళి టేపు చూపించాను. అప్పటిదాకా అందరితో వాదించిన మనిషి ఏమీ అనలేదు. కాసేపు పగులు పక్కన కూర్చొని, "మొదలు పెకలించవద్దని చెప్పు" అంది.

అనుమతికి అర్జీ పెట్టాను. నేల నుంచి రెండడుగుల ఎత్తున కోయించాలని నిర్ణయం.

మాజీ_రేంజరు | నవంబర్ 9, ఉదయం 8:00

సరైన పని. మొదలు ఉంచితే వేప పిలకలు వేస్తుంది. రెండడుగులు వద్దు, వీలైతే అడుగులోపు కోయించండి. నీళ్ళు నిలవకుండా పైభాగం కాస్త ఏటవాలుగా ఉండాలి. కోత అంచున పైన వచ్చే పిలకల కన్నా మట్టికి ఆనుకొని వచ్చేవి గట్టివి.

కాలవగట్టు | నవంబర్ 27, సాయంత్రం 6:30

నిన్న అయిపోయింది. అయిదుగురు, ఒక పూట అనుకున్నది రెండు రోజులు పట్టింది. పెంకులు పదకొండు పగిలాయి, అంతే.

కోశాక చూశాం. పంగ నుంచి కిందికి జానెడు వెడల్పు తొర్ర, మొదలుకు వచ్చేసరికి పిడికిలంత. చుట్టూ మంచి చెక్క గట్టిగానే ఉంది, ఎర్రటి చేవ. పడమటి వేర్లు నిక్షేపంగా ఉన్నాయి. తూర్పున నరికిన వేర్లు మూడూ లోపలి దాకా కుళ్ళి ఉన్నాయి.

వేపపుల్ల | నవంబర్ 27, రాత్రి 7:10

చూశారా, మంచి చెక్క ఉంది! తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పడదు. గొట్టం కూడా గట్టిదే కదా. తగ్గించి, ఆసరా పెట్టి ఉంటే ఇంకో ఇరవై ఏళ్ళు ఉండేదని నా నమ్మకం. అందరూ కలిసి ఒక చెట్టును కొట్టించారు.

మాజీ_రేంజరు | నవంబర్ 27, రాత్రి 7:45

ఉండేదేమో. తొర్ర గురించి మీరన్నదీ నిజమే. చుట్టూ ఉన్న గట్టి చెక్క మందం వ్యాసార్ధంలో మూడో వంతు ఉంటే మాను సాధారణంగా తట్టుకుంటుంది. ఆ గది అక్కడ లేకపోతే నేనే ఆసరా పెట్టించమనేవాణ్ణి. మూడున్నర సెంటీమీటర్లు కదిలాక ఆ గదిలో నేనైతే పడుకోను, మీరు పడుకుంటారా?

వేపపుల్ల | నవంబర్ 27, రాత్రి 8:20

పడుకోను. అయినా బాధగా ఉంది.

కాలవగట్టు | 2026 ఫిబ్రవరి 14, ఉదయం 8:05

పాత చర్చను పైకి తెస్తున్నాను. మొదలు చుట్టూ పిలకలు వచ్చాయి, ఎర్రెర్రగా. అమ్మ లెక్క ప్రకారం ఇరవై ఆరు. మేకలు అందుకోకుండా ముళ్ళకంప కట్టించింది. ఎన్ని ఉంచాలి?

మాజీ_రేంజరు | ఫిబ్రవరి 14, ఉదయం 9:30

ఈ ఏడాది అన్నీ ఉంచండి, ఆకు ఎంత ఉంటే వేరుకు అంత తిండి. వచ్చే వానలకు నాలుగు, ఆ పై ఏడు ఒక్కటి. ఇంటికి దూరంగా, పడమట కాకుండా ఉత్తరాన మట్టిలోంచి లేచినదాన్ని ఎంచుకోండి.

కాలవగట్టు | ఫిబ్రవరి 14, ఉదయం 9:50

ఉత్తరాన రెండున్నాయి. ఒకదానికి అమ్మ అప్పుడే దారం కట్టింది.